దొరగారి పద్నాలుగు గంటలు

నా ట్రక్కులో ఇద్దరం ఉంటాం, నేనూ దొరగారూ. దొరగారంటే మనిషి కాదు. స్టీరింగ్ పక్కన డ్యాష్‌బోర్డుకి బిగించిన అరచెయ్యంత తెర. ఇంజన్‌కి తగిలించిన ఒక చిన్న పెట్టెతో ఆయనకి మంతనాలు. చక్రం కదిలితే తెలుస్తుంది, ఆగితే తెలుస్తుంది. నేను ఎప్పుడు పని మొదలుపెట్టానో, ఎప్పుడు నడుం వాల్చానో అంతా రాసిపెట్టుకుంటారు. మిగతా డ్రైవర్లు ఈ-లాగ్ అంటారు. కొంతమంది ఇంకా ఏవేవో అంటారు గానీ అవి ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఆయన సెలవిస్తే తప్ప బండి కదపకూడదు కాబట్టి నేను దొరగారు అన్నాను, అదే మా ఇంట్లో అందరి నోటా స్థిరపడిపోయింది. ఫోన్ చేయగానే మా ఆవిడ ముందు అడిగేది, "దొరగారి మూడ్ ఎలా ఉందండీ ఇవాళ?" అని.

దొరగారి శాసనం వినడానికి చాలా తేలిక. పొద్దున పని మొదలుపెట్టానని బొత్తాం నొక్కగానే పద్నాలుగు గంటల గడియారం తిరగడం మొదలవుతుంది. ఆ పద్నాలుగులో పదకొండు గంటలు నడపొచ్చు. అయిపోగానే పది గంటలు విశ్రాంతి తీసుకోవాలి. ఇందులో తప్పు పట్టడానికేముంది అంటారు విన్నవాళ్లంతా. తప్పల్లా ఒక్కటే. ఆ గడియారం ఒకసారి మొదలయ్యాక నా కోసం ఆగదు. రోడ్డు మీద ఉన్నా, గోడౌన్ ముందు పడిగాపులు కాస్తున్నా, మంచులో ఇరుక్కున్నా దానికి ఒకటే. గోడౌన్ వాడు తీరిగ్గా కాఫీ తాగితే ఆ కాఫీ నా పద్నాలుగు గంటల్లోంచి పోతుంది.

విశ్రాంతి మీద నాకేం కోపం లేదు. నెబ్రాస్కాలో ఒక తెల్లవారుజామున, రోడ్డు మధ్య గడ్డిలో పక్కకి ఒరిగి పడి ఉన్న ట్రక్కుని చూశాను. డ్రైవర్ కునుకు తీశాడట. ఆ ట్రక్కు ముందు అద్దానికి వేలాడుతున్న చిన్న బొమ్మ ఇంకా ఊగుతూనే ఉంది. ఆ రోజు నుంచీ నిద్ర సంగతిలో నాతో ఎవరైనా వాదిస్తే ఊరుకోను. నా గొడవ వేరు. ఒళ్లు తేలిగ్గా, కళ్లు చురుగ్గా ఉన్నప్పుడు పడుకోమంటారు దొరగారు. కళ్లు మూతలు పడుతున్నప్పుడు ఇంకా టైముంది, నడుపుకోవచ్చు అంటారు. నా నిద్ర సంగతి నాకు తెలిసినంత ఆయనకి తెలియదు. ఆ మాట ఎవరి ముందైనా అంటాను.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానని మావాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. అందరిలాగే సాఫ్ట్‌వేర్ పని మీదే వచ్చాను. తూర్పు తీరాన పార్సిప్పనీలో అపార్ట్‌మెంట్, పక్కింట్లో తెలుగువాళ్లు, కిందింట్లో తెలుగువాళ్లు. ఎవడో రాసిన ప్రోగ్రాంలో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ప్రాజెక్టు మారి, ఇప్పుడు మేముండే ఇల్లినాయ్‌లోని షామ్‌బర్గ్‌కి రావాల్సి వచ్చినప్పుడు ఒక అద్దె ట్రక్కులో సామాను ఎక్కించి నేనే నడుపుకుంటూ వచ్చాను. పెన్సిల్వేనియా కొండల్లో ఆ ట్రక్కు మూలుగుతూ ఎక్కుతుంటే నాకు ఎప్పుడూ లేనంత సంతోషం వేసింది. తర్వాత ఎన్నో ఏళ్లకి, గ్రీన్‌కార్డ్ చేతికొచ్చాక, రెండోసారి లేఆఫ్ అయిన వారంలో, రెజ్యూమె తెరిచి కూర్చున్న నాకు ఆ కొండలే గుర్తొచ్చాయి. రెజ్యూమె మూసేసి ట్రక్కు డ్రైవింగ్ స్కూల్లో చేరాను. ఆ నిర్ణయానికి ఒక్కరోజు కూడా చింతించలేదు.

పార్టీల్లో మాత్రం ఒక తమాషా జరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు చేతిలో ప్లేటుతో పక్కన చేరి, "మీరెక్కడ పనిచేస్తారండీ?" అంటారు. "ట్రక్ నడుపుతానండీ" అంటాను. వాళ్ల మొహం ఒక్క క్షణం తడబడి వెంటనే సర్దుకుంటుంది. "ఓ, లాజిస్టిక్స్!" అంటారు. "కాదండీ, ట్రక్. పద్దెనిమిది చక్రాలు" అంటాను. ఇక ఆ సాయంత్రం వాళ్ల పిల్లలు నన్ను వదలరు. హారన్ తాడు లాగుతారా అంకుల్, లోపల మంచం ఉంటుందా అంకుల్ అని చుట్టూ చేరిపోతారు. పెద్దవాళ్లు కూడా పక్కన నిలబడి వింటూనే ఉంటారు.

చెప్పబోయేది మా అమ్మాయి సంగతి. దానికి పదహారేళ్లు. ఇల్లినాయ్‌లో ఆ వయసు పిల్లలకి లైసెన్స్ రావాలంటే పెద్దవాళ్లు పక్క సీట్లో కూర్చుని ఉండగా యాభై గంటలు నడపాలి. ఏ రోజు ఎంతసేపు నడిపిందీ ఒక కాగితం మీద రాసుకుని, చివర్లో తల్లో తండ్రో సంతకం పెట్టాలి. అంటే దానికీ ఒక లాగ్ ఉంది. దాని లాగ్‌కి ఇంజన్‌తో సంబంధం లేదు, రాసిందే నిజం.

మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఊళ్లో నడపడం వాళ్లమ్మతో, హైవే నాతో. మా ఆవిడ ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. రక్తం చూస్తే భయం లేదు, పాము కనిపించినా నిలబడి చూస్తుంది గానీ, హైవే అంటే మాత్రం వణుకు. ఇరవై నిమిషాల దూరానికి వీధులన్నీ కలుపుకుంటూ గంట నడుపుతుంది. పక్కనుంచి పెద్ద ట్రక్కు వెళ్తే, తను పక్క సీట్లో ఉంటే, గట్టిగా కళ్లు మూసుకుంటుంది. ట్రక్కు డ్రైవర్ భార్యకి ట్రక్కులంటే భయమా అని మావాళ్లు ఆటపట్టిస్తుంటారు.

ఆ జూన్‌లో మా అమ్మాయికి స్విమ్మింగ్ పూల్‌లో లైఫ్‌గార్డ్ ఉద్యోగం వచ్చింది. జీతం వచ్చే మొదటి పని. చలికాలమంతా బడి అయ్యాక ట్రెయినింగ్‌కి వెళ్లి, నీళ్ల అడుగునుంచి మనిషి బరువున్న బొమ్మని పైకి లాగడం నేర్చుకుని, పరీక్ష పాసై సంపాదించుకుంది. సోమవారం పొద్దున్నే చేరాలి. ఆ వేళకి వాళ్లమ్మ ల్యాబ్‌కి వెళ్లిపోతుంది, నేను ఏ రాష్ట్రంలో ఉంటానో నాకే తెలియదు. కాబట్టి కారు తనే నడుపుకుని వెళ్లాలి. శనివారం పొద్దున రోడ్ టెస్ట్. అది తప్పితే మళ్లీ చాలా వారాల దాకా ఖాళీ లేదు. సోమవారం రాలేకపోతే లైన్లో తర్వాత ఉన్నవాళ్లని పిలుస్తామని పూల్ వాళ్లు ముందే చెప్పేశారు.

దాని లాగ్‌లో ఇంకా మూడు గంటలు తక్కువ. ఆ మూడు గంటలూ హైవే గంటలే, నా వంతు. శుక్రవారం సాయంత్రం నేను ఇంటికి చేరగానే ఇద్దరం కలిసి పూర్తి చేద్దామని అనుకున్నాం.

శుక్రవారం సూర్యోదయానికి ముందే నేను అయోవాలో పని మొదలుపెట్టాను. డావెన్‌పోర్ట్ దగ్గర ఒక గోడౌన్‌లో ఫ్రోజెన్ బంగాళాదుంప ముక్కలు దింపి, ఖాళీ ట్రెయిలర్‌తో ఇంటికి రావాలి. చెప్పిన టైముకన్నా ముందే చేరి, అద్దాల కిటికీ దగ్గర కాగితాలు ఇచ్చి, వాళ్లు చెప్పిన తలుపుకి ట్రెయిలర్ ఆనించాను. అక్కడ గోడకి ఒక దీపం ఉంటుంది. ఎర్రగా ఉంటే లోపల ఇంకా దింపుతున్నారని. పచ్చగా మారితే కదలొచ్చు. ఆ ఎర్రదీపం చూస్తూ కూర్చున్నప్పుడే మా అమ్మాయి ఫోన్ చేసింది.

"డాడీ, ఒక ఐడియా చెప్తా. కోపం తెచ్చుకోకు."

"కోపం వచ్చేదే అయితే ముందే వస్తుంది, చెప్పు."

"నువ్వు ఈవెనింగ్ లేట్ అయితే... త్రీ అవర్సే కదా. నేను రాసేస్తా, నువ్వు సైన్ చెయ్. అంకుల్ వాళ్లింట్లో హోల్ థింగ్ అలాగే చేశారు."

అంకుల్ అంటే మా కంపెనీ యజమాని. వరంగల్ మనిషి, ఒకప్పుడు నాతో ఒకే ప్రాజెక్టులో పనిచేసినవాడు. నాకన్నా ముందే ఆ పని వదిలేసి ట్రక్కులు కొన్నాడు. వాళ్లబ్బాయి లాగ్ సంగతి మాలో అందరికీ తెలుసు. ఒక ఆదివారం డైనింగ్ టేబుల్ దగ్గర, మిర్చి బజ్జీలు తింటూ, ఒక్క పూటలో యాభై గంటలూ పూర్తి చేశారు. వేరువేరు రోజుల్లో రాసినట్టు ఉండాలని మూడు రంగుల పెన్నులు వాడారు. మధ్యమధ్యలో "వాన" అని, "ట్రాఫిక్ ఎక్కువ" అని కూడా రాశారట. ఆ పద్ధతి మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు అందరికీ వచ్చు. ఏ ఇంట్లో పిల్లకి డ్రైవింగ్ నేర్చుకునే పర్మిట్ వస్తే ఆ ఇంటికి మూడు రంగుల పెన్నుల సలహా చేరిపోతుంది.

"నేను సంతకం పెట్టను" అన్నాను.

"ఇట్స్ నాట్ ఎ బిగ్ డీల్ డాడీ! నువ్వు రోజూ దొరగారిని తిడతావు. లాగ్ స్టుపిడ్, రూల్ స్టుపిడ్ అంటావు. నాది మాత్రం స్టుపిడ్ కాదా?"

పాయింటు పట్టుకుంది, నా కూతురే కదా.

"తిడతాను. రేపు కూడా తిడతాను. కానీ నడపని గంట నడిపానని ఎప్పుడూ రాయలేదు. నువ్వూ రాయవు."

"మరి నువ్వు రాకపోతే?"

"వస్తాను. సాయంత్రానికి ఇంట్లో ఉంటాను."

అది నేనిచ్చిన మాట. నా లెక్క ప్రకారం మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండాలి. అంత ధీమాగా చెప్పి ఫోన్ పెట్టేసి, తలెత్తి చూస్తే దీపం ఎర్రగానే ఉంది.

ఒక గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. లోపల సరుకు దింపే ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కితే ట్రెయిలర్ ఊగుతుంది, ఆ ఊపు క్యాబిన్ దాకా తెలుస్తుంది. నా బండిలో ఊపు లేదు. అంటే ఇంకా ముట్టుకోనే లేదు. కిటికీ దగ్గరికి వెళ్లి అడిగితే అక్కడి అమ్మాయి చిరునవ్వుతో, మేమే పిలుస్తాం అంది. పక్క తలుపు దగ్గర నిలిపిన ట్రక్కులో ఒక పెద్దాయన, పంజాబీ, తెల్ల గడ్డం. మెట్టు మీద కూర్చుని ఫ్లాస్కులో టీ పోసుకుంటున్నాడు. నాక్కూడా ఒక మూతలో పోసిచ్చాడు.

"ఎంతసేపయింది బాబాయ్?" అనే అర్థంలో నా హిందీలో అడిగాను.

ఆయన తన తెర వైపు గడ్డంతో చూపించి, నన్నడక్కు, దాన్నడుగు అన్నాడు. ఆయన అయోవా సిటీలో మనవడి పుట్టినరోజుకి వెళ్లాలనుకున్నాడట. ఇంకాసేపు చూసి, ఇవాళ ఇక్కడే పడుకునేలా ఉన్నాను, వాడికి అదే నా పుట్టినరోజు కానుక అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాకు ఒళ్లు మండిపోతోంది. చేయని పనికి రోజు ఖర్చయిపోవడం ఎలా ఉంటుందో ఆఫీసులో కూర్చున్నప్పుడు కూడా నాకు తెలుసు. కానీ అక్కడ రోజు పోతే ఇంటికి వెళ్లనిచ్చేవారు.

మధ్యాహ్నం దాటాక బండి ఊగింది. ఆ తర్వాత కూడా వాళ్లు తొందరపడలేదు. దీపం పచ్చబడేసరికి దొరగారి తెర మీద నా పద్నాలుగు గంటల్లో మిగిలింది చూసుకున్నాను. ఇంటికి రెండున్నర గంటల దారి. నా చేతిలో ఉన్నది గంటన్నర.

ఎన్నిసార్లు లెక్కేసినా గంట తక్కువ. తలుపు మూసి, గోడౌన్ ఆవరణ చివర బండి ఆపి మా యజమానికి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నవ్ అన్నా?"

"ఇప్పుడే వదిలారు. ఇంటికి చేరలేను. గంట తక్కువ పడుతోంది."

"గంటనేనా? దానికింత పరేషాన్ ఎందుకన్నా? పర్సనల్ కొట్టి వచ్చెయ్."

పర్సనల్ అంటే దొరగారి తెర మీద ఒక బొత్తాం. పని అయిపోయాక తిండికో, స్నానానికో, రాత్రి బండి నిలపడానికి చోటు వెతుక్కోవడానికో డ్రైవర్ తన సొంత అవసరం కోసం ట్రక్కు కదిపితే అది నొక్కుతాడు. ఆ సమయాన్ని దొరగారు పనిలో కలపరు. దాన్ని నొక్కి వందల మైళ్లు పోయేవాళ్లున్నారు. దొరికితే మాత్రం వదలరు.

"లోడు దింపి వస్తున్నాను. ఇది సొంత పని ఎలా అవుతుంది?"

"ట్రెయిలర్ ఖాళీ. పొయ్యేది నీ ఇంటికి. నీ బిడ్డ కోసం. ఇంతకన్న సొంత పని ఏముంటదే? ఎవడు చూస్తడు? ఓనర్‌ని, నేనే చెప్తున్న."

నిజం చెప్పాలంటే నా ఒంట్లో అలుపు లేదు. రోజంతా కూర్చునే ఉన్నాను. ఆ గంట నడపడానికి నాకన్నా తగినవాడు ఆ సమయంలో అయోవాలో ఇంకొకడు ఉండడు. వేలు చాపితే బొత్తాం. కానీ పొద్దున ఫోన్‌లో నేను అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. నడపని గంట నడిపానని రాయొద్దని కూతురికి చెప్పి, నడిపిన గంట నడపలేదని నేను రాయనా?

"లేదు. పొద్దున పాపకి ఒక మాట చెప్పాను" అని, మూడు గంటల సంగతి, సంతకం సంగతి వివరంగా చెప్పాను.

"గట్లనా" అన్నాడు. "అయితె నేనేమనను. ట్రక్కు యాడ పెడ్తవో మెసేజ్ పెట్టు." ఫోన్ పెట్టేయబోతూ, "మూడు పెన్నుల ముచ్చట మీ ఇంటిదాకా వచ్చిందా?" అని నవ్వాడు.

మిసిసిపీ నది దాటి ఇల్లినాయ్‌లోకి వచ్చాను. రెండు పక్కలా మోకాలెత్తు మొక్కజొన్న. ఎండ ఇంకా గట్టిగానే ఉంది. మామూలుగా ఆ దారంటే నాకు ప్రాణం, ఆ రోజు మాత్రం తెర మీది అంకె తప్ప ఇంకేమీ కనిపించలేదు. దొరగారి గడువు దగ్గరపడ్డప్పుడు డ్రైవర్లు ఎలా నడుపుతారో మీరు ఎప్పుడైనా సాయంత్రం పూట ట్రక్ స్టాప్‌లోకి వెళ్లి చూడాలి. భద్రత కోసం పెట్టిన గడియారమే ఆ వేళకి అందరినీ పరిగెత్తిస్తుంది. రోషెల్ దగ్గర ఒక ట్రక్ స్టాప్‌లోకి నేను తిరిగేసరికి రెండే ఖాళీలున్నాయి. నా ముందు ఒకడు, వెనక ఇద్దరు. వెనకవాడు హారన్ కొడుతున్నా తొందరపడకుండా, ఒక్క ప్రయత్నంలో వెనక్కి పెట్టాను. ఆ పని నాకు బాగా వచ్చు, ఒత్తిడిలో ఇంకా బాగా వస్తుంది. ఇంజన్ ఆపేసరికి దొరగారి దగ్గర నాకు కొన్ని నిమిషాలే మిగిలాయి. ఆఫ్ డ్యూటీ నొక్కాను.

ఇంటికి ఫోన్ చేశాను. మా అమ్మాయే తీసింది.

"రోషెల్ ట్రక్ స్టాప్‌లో ఆగిపోయానమ్మా. ఇక కదలకూడదు."

"అంటే... నువ్వు రావట్లేదా?"

"గోడౌన్‌లో పట్టేశారు. ఏదో ఒక దారి చూస్తాను. టాక్సీ దొరుకుతుందేమో—"

"ఇప్పుడు టాక్సీలో వస్తే డ్రైవింగ్ ఎప్పుడు చేస్తాం డాడీ? రాత్రి లేట్‌గా పర్మిట్‌తో నడపకూడదు కదా." ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఓకే" అని పెట్టేసింది.

ఆ "ఓకే" వినడంకన్నా నాలుగు తిట్లు తినడం నయం. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. చలికాలంలో తడి జుట్టుతో, క్లోరిన్ వాసనతో కారెక్కి, ఇవాళ బొమ్మని పైకి తెచ్చేశా డాడీ అని అది చెప్పిన రోజు గుర్తొచ్చింది. బొత్తాం నొక్కి ఉంటే ఇంకో గంటలో ఇంట్లో ఉండేవాణ్ణి. నేను చేసింది సరైనదేనని నాకు తెలుసు. తెలిసినా బాధ ఏమీ తగ్గలేదు. దొరగారి మీద కోపంతో తెర మీద నా టోపీ కప్పేశాను.

మళ్లీ ఫోన్ చేస్తే ఇంట్లో ఎవరూ తీయలేదు. మా ఆవిడ ఫోన్ కూడా మోగి ఆగిపోయింది. ఇద్దరికీ నా మీద కోపం వచ్చిందని అనుకున్నాను. లోపలికెళ్లి మొహం కడుక్కుని, కాఫీ కొనుక్కుని, తాగలేక పారబోశాను. బండికి ఆనుకుని నిలబడి, వస్తున్న ట్రక్కులకి చోటు దొరక్క తిరిగి వెళ్లిపోవడం చూస్తూ చాలాసేపు గడిపాను.

పొద్దు వాలుతోంది. ట్రక్కుల వరుసల మధ్యలోంచి ఒక తెల్ల కారు మెల్లగా వస్తోంది. కార్లు రాకూడని వైపు వస్తోంది, ఎవరో దారి తప్పినవాళ్లు అనుకున్నాను. తీరా చూస్తే అది మా కారు. స్టీరింగ్ దగ్గర మా అమ్మాయి, రెండు చేతులతో, వీపు ఎక్కడా సీటుకి ఆనకుండా. పక్కన వాళ్లమ్మ, తలుపు పైన పిడిని రెండు చేతులా పట్టుకుని. కారు నా ముందు ఆగాక కూడా మా ఆవిడ ఆ పిడి వదల్లేదు.

మా అమ్మాయి అద్దం దించింది.

"హైవే, డాడీ. ఐ-నైంటీ, తర్వాత థర్టీ నైన్. స్లోగా వచ్చా, వన్ అండ్ ఎ హాఫ్ అవర్స్. నువ్వు ఇంటికి రాలేకపోతే నేనే నీ దగ్గరికి వస్తే అయిపోతుంది కదా? వెళ్లేటప్పుడు ఇంకో వన్ అండ్ ఎ హాఫ్. మొత్తం త్రీ."

వంగి మా ఆవిడ వైపు చూశాను.

"హైవే ఎక్కావా నువ్వు?"

"ఎక్కక చస్తానా! మీ కూతురు ఊరుకుంటేగా?" అంది మా ఆవిడ. కళ్లు మెరుస్తున్నాయి. "పక్కన కూర్చున్నవాళ్లు రోడ్డు చూడకపోతే ఆ టైము లెక్కలోకి రాదందండీ. కళ్లు మూస్తే అక్కడికక్కడే కారు దిగిపోతానంది. ఎన్ని ట్రక్కులు పక్కనుంచి పోయాయో! ఒక్కదానికి కూడా కళ్లు మూయలేదు నేను."

"నేను చెక్ చేశా" అంది మా అమ్మాయి. "సిగ్నల్ వేసిన ప్రతిసారీ అడిగా, అమ్మా కళ్లు తెరిచే ఉన్నాయా అని."

నవ్వు ఆగలేదు నాకు. ఆ పార్కింగ్‌లో నలుగురు డ్రైవర్లు తిరిగి చూసేలా నవ్వాను. పక్క ట్రక్కులోని నల్లాయన అద్దం దించి ఏమైందని అడిగితే, మా అమ్మాయి నన్ను తీసుకెళ్లడానికి హైవే మీద వచ్చింది, పర్మిట్‌తో అని గొప్పగా చెప్పాను. ఆయన దానికోసం ఎయిర్ హారన్ కొట్టాడు. మా ఆవిడ ఉలిక్కిపడింది గానీ కళ్లు మూయలేదు.

ట్రక్కు తాళం వేసి, తెర మీద టోపీ తీసి పెట్టుకుని, ముందు సీట్లో కూర్చున్నాను. మా ఆవిడ వెనక సీట్లోకి మారి, హమ్మయ్య అని కాళ్లు చాపుకుంది. రేపు టెస్ట్ అయ్యాక నన్ను మళ్లీ ఇక్కడ దింపాలి. దాని గురించి అప్పుడు ఎవరూ ఆలోచించలేదు.

మొదట్లో నేను ఊరికే ఉండలేకపోయాను. అద్దం చూడు, దూరం ఉంచు, ఆ ట్రక్కు పక్కన ఎక్కువసేపు ఉండకు, వాడికి నువ్వు కనపడవు అని ఒకటే పోరు. మా అమ్మాయి అన్నిటికీ "తెలుసు డాడీ" అంటూనే ఉంది. నిజంగానే తెలుసు. ర్యాంప్ మీద వేగం పెంచి, ఒక ట్రక్కు ముందు తొందరపడి దూరకుండా దాని వెనక చోటు చూసుకుని, మెత్తగా కలిసింది. అలా కలవడం నేను ట్రక్కు స్కూల్లో మూడో వారానికి నేర్చుకున్నాను. రాక్‌ఫర్డ్ దగ్గర తూర్పుకి తిరిగాక నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు. రోడ్డు మీద ఇంకొకరు నడుపుతుంటే నేను ఇంతవరకూ చేతులు ముడుచుకుని కూర్చున్నది లేదు. సీటు కొంచెం వెనక్కి వాల్చుకున్నాను. వెనక ఎర్రటి ఆకాశం అద్దంలో కనిపిస్తోంది. ఫ్యాను చల్లగా వీస్తోంది.

కళ్లు తెరిచేసరికి నా తలకి కాస్త పైన ఒక విమానం, చక్రాలు దించుకుని, దీపాలతో వెళ్తోంది. దిగ్గున లేచాను. రెండు పక్కలా హోటళ్లు, ఆఫీసు భవనాలు. మా ఊరి దగ్గర అంత కిందికి విమానాలు దిగవు.

"అయ్యో, మన ఊరు దాటిపోయావు! మన ఎగ్జిట్ వెనకే ఉండిపోయింది!"

"తెలుసు" అంది మా అమ్మాయి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"తెలిసి ఎక్కడికి వెళ్తున్నావు?"

"ఓ'హేర్ ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్లి వెనక్కి తిరుగుదాం. నువ్వు నిద్రపోయావు డాడీ. ఆ టైమ్ కౌంట్ అవ్వదు కదా. అది మళ్లీ నడపాలి."

వెనక సీట్లోంచి మా ఆవిడ ముందుకి వంగింది. "నేను లేపుతానంటే వద్దందండీ. పాపం పొద్దున్నుంచీ మేలుకునే ఉన్నారు, పడుకోనీ అమ్మా, నేను ఎక్స్‌ట్రా నడుపుతాలే అంది."

నేను సీటు నిటారుగా పైకి లేపుకుని, కళ్లు బాగా తెరిచి, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.